సరిగా నూరని రాయి

మామిడికాయల లారీలు గుజ్జు ఫ్యాక్టరీ గేట్ల ముందు మూడేసి రోజులు నిలబడిపోయిన వేసవి అది. చిత్తూరు రోడ్డు పొడవునా తోతాపురి కాయ ఎండకు మగ్గి, పులిసి, కల్లు వాసన కొడుతూ ఉండేది. ఆ రసం తాగి ఈగలు తూలి కింద పడుతుంటే, వాటిని తిన్న కోళ్లు కూడా తూలుతూ ఇళ్లకు పోయాయని చెబితే మా కార్వేటినగరంలో ఒక్కడూ నమ్మలేదు. నమ్మకపోతే పోనీ. ఎనభై ఏళ్లు వచ్చాయి నాకు, నమ్మించాలని ఏనాడూ ఒక కథ చెప్పలేదు. వినేవాడి నోరు కాస్త తెరుచుకుంటే చాలు.

కానీ ఈ అలవాటు వల్ల ఒక నష్టం జరిగింది. నాకొక కూతురు ఉండేదని చెప్పినా నమ్మేవాళ్లు లేకుండా పోయారు.

దాని పేరు కోమలి. డెబ్బై రెండో సంవత్సరంలో, మేము చిత్తూరులో కాపురం ఉన్నప్పుడు, మెదడు జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. ఫోటో లేదు. అప్పట్లో మావంటి వాళ్లకు ఫోటో అంటే పెళ్లికే. నా భార్య రంగనాయకమ్మ ఆ రోజు నుంచి ఆ పేరు నోటితో పలకలేదు. నేను అందుకు పూర్తిగా భిన్నం. మూడేళ్ల తర్వాత పుట్టిన మా మునికుమార్‌ను అక్క కబుర్లతోనే పెంచాను. అక్క ఈల వేస్తే కాకులు వరస కట్టి వచ్చేవనీ, అక్క ఒకసారి చిటికెన వేలు చూపించి గూడ్సు బండిని ఆపిందనీ. వాడికి పన్నెండేళ్లప్పుడు ఒకరోజు అడిగాడు.

"నాయనా, నిజంగా నాకు అక్క ఉండిందా, లేకపోతే అదీ నీ కతేనా?"

అడిగింది నన్నే గానీ చూసింది వాళ్లమ్మ వైపు. ఆమె చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. వాడు మళ్లీ అడగలేదు. ఇప్పుడు వాడికి యాభై. నేను కోమలి మాట ఎత్తినప్పుడల్లా ఊకొడతాడు. కోళ్లు తూలిన కథకు ఊకొట్టినట్టే.

ఆ జూన్ నెలలో కోడలు తిరుపతిలో, పురిటికి ఆస్పత్రిలో చేరిన మనవరాలి దగ్గర ఉండింది. ఇంట్లో మేము ముగ్గురమే. మునికుమార్ తన టెంపోలో కాయలు తోలుకుపోయి, ఫ్యాక్టరీ ముందు వరసలో రెండు పగళ్లు కాపలా కాసి, మూడో రోజు మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. చేతులు కడుక్కుంటూ ఉన్నట్టుండి అడిగాడు.

"నాయనా, చిత్తూరులో రాళ్లు నూరినానని చెప్తావే, అదన్నా నిజమేనా?"

"జర్మనీ రాళ్లురా. ఒక్కో రాయిని నలుగురు మోయాల."

"ఈ ఒక్కసారికి జర్మనీని వదిలిపెట్టు. మా ఫ్యాక్టరీ ఓనరు బాలచంద్ర సారు, తులసీరాం ప్రెస్సులో పనిచేసినోళ్లు ఎవురన్నా బతికుంటే కావాలన్యాడంట. వరసలో పొద్దుపోక నీ కతలు చెప్తా ఉంటే మేనేజరు విన్యాడు. నేను మా నాయన ఉండాడని చెప్పేసినా. ఆడికొచ్చి నా పరువు తియ్యబాక."

తమాషా ఏమిటంటే, నేను జన్మలో చెప్పిన వాటిలో, కోమలి ఉండిందన్న మాట కాక, ఆ జర్మనీ రాళ్ల సంగతి ఒక్కటే అచ్చంగా నిజం.

రాతి అచ్చు అంటే ఇప్పటివాళ్లకు తెలియదు. నున్నగా నూరిన ఆ జర్మనీ రాతి మీద మైనం కలిపిన నల్ల పెన్సిలుతో బొమ్మ గీస్తారు. రాయిని తడిపి సిరా రోలరు దొర్లిస్తే, తడి ఉన్నచోట సిరా అంటదు, మైనపు గీత ఉన్నచోటే అంటుతుంది. మీద కాగితం పరిచి అదిమితే బొమ్మ దిగుతుంది, అద్దంలో లాగా కుడి ఎడమలు మారి. కావలసినన్ని కాగితాలు తీశాక ఇసుకా నీళ్లూ పోసి, రాతి మీద రాయి పెట్టి నూరి, పాత బొమ్మను చెరిపి, కొత్త బొమ్మకు సిద్ధం చేయాలి. తులసీరాం ప్రెస్సులో ఆ నూరేవాణ్ని నేను. ఊదుబత్తి లేబుళ్లు, బీడీ కట్టల లేబుళ్లు, దేవుడి పటాలు, ఎన్ని వందల ముఖాలు చెరిపానో లెక్కలేదు.

బాలచంద్ర ఇల్లు చిత్తూరులో ఒక కళ్యాణ మంటపమంత ఉంది. గోడల నిండా బొమ్మలే. పాత కావ్యాలకు కొత్త రకం చిత్రకారులు వేసిన రాతి అచ్చు బొమ్మలు సేకరించడం ఆయనకు పిచ్చి. మామిడి గుజ్జు అమ్మి సిరా మరకలు కొంటున్నాడని నేను మెల్లగా అంటే, మునికుమార్ నా మోచేయి గిల్లాడు. హాల్లో పెద్ద బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పన్నెండు బొమ్మలు వరసగా పెట్టి ఉన్నాయి. చెన్నై నుంచి వచ్చిన మహిత అనే అమ్మాయి వాటిని పరిశీలిస్తూ ఉంది. ఇలాంటివి అసలువో నకళ్లో తేల్చి, వాటి విలువ కట్టి కాగితం రాసివ్వడం ఆమె పని. ఆ కాగితం వచ్చాక బాలచంద్ర ఆ పన్నెండింటినీ తన తండ్రి పేరు మీద ఢిల్లీలో ఒక మ్యూజియానికి ఇవ్వబోతున్నాడట.

దూరం నుంచే గుర్తుపట్టాను. మురుగేష్ మాస్టారు బొమ్మలవి. మద్రాసు మనిషి, మా ప్రెస్సులో ఆర్నెల్లు మకాం పెట్టి వేశాడు. మా కార్వేటినగరం రాజుల కొలువులో ఎవరో కవి రాసిన కావ్యమట, దాని పేరు పలకాలంటే పళ్లుండాలి, నాకు లేవు. నదికి అవతలకు పోయినవాళ్ల కోసం ఒక రాణి ఒడ్డున నిలబడి ఎదురుచూసే కథ. మాస్టారి రాణికి కన్నూ ముక్కూ ఉండవు. నిలువునా ఒక నల్ల గీత, అంతే. నది అంటే అడ్డంగా లాగిన ఒక చార. రాణమ్మకు ముక్కు మరిచిపోయారు సామీ అని నేనంటే, ఏడ్చేవాళ్లకు ముక్కు ఉంటే జనం ముక్కునే చూస్తారు, ఏడుపును చూడరు అనేవాడు.

మహిత కాగితాన్ని రెండు మూలలా పట్టి లేపి, కిటికీ వెలుతురుకు అడ్డం పెట్టి, లోపల దాగిన మిల్లు గుర్తు చూసింది. ఒక కంటికి భూతద్దం తగిలించుకుని గీతల మీదికి వంగింది. చుక్కలు వరసల్లో ఉంటే మెషీను అచ్చు, ఇసుక చల్లినట్టు చెదిరి ఉంటే రాతి అచ్చు అని నాకు నేర్పబోయింది. నేను మూడో బొమ్మ కింది మూలలో వెంట్రుకంత గీతను చూపించాను.

"ఇది పెన్సిలు గీత కాదు అమ్మణ్ణీ. రాతిలోని నరం. మూల విరిగిన రాయి అది. ఏడో బొమ్మ సూడు, ఆడా ఉంటాది. ఒకే రాయి, రెండు బొమ్మలు."

ఏడో బొమ్మలో ఉంది. ఆమె భూతద్దం తీసి నన్ను ఒకసారి చూసి, పుస్తకం తెరిచి నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. నా మాటను కాగితం మీద పెట్టుకున్న మనిషిని అంతకు ముందు నేనెరగను. నేను నోరు తెరిచినప్పుడల్లా వెనక నుంచి హెచ్చరికగా దగ్గుతున్న మునికుమార్ దగ్గడం మానేశాడు.

అలా ఒక్కొక్కటే దాటుకుంటూ తొమ్మిదో బొమ్మ దగ్గరికి వచ్చాం.

రాణి, నది, పైన ఆకాశం. ఆకాశమంతా పలచని బూడిద రంగు. ఆ బూడిదలో, కుడి పక్కన, ఇంకాస్త బూడిదగా ఒక చిన్న ముఖం. రెండు జడలు. గడ్డం కింద పిడికిలి. నేరుగా చూస్తే లేదు, చూపు కాస్త పక్కకు తిప్పితే ఉంది. పెదవి పక్కన మచ్చ.

బల్ల అంచు పట్టుకున్నాను. ఎండలో వచ్చాడు పాపం అని బాలచంద్ర నీళ్లు తెప్పించాడు.

ప్రెస్సులో ఒక నియమం ఉండేది. బొమ్మ కంటికి కనపడకుండా పోయాక ఇంకా ఆరు విడతలు నూరాలి. మైనం రాతిలోకి ఇంకి ఉంటుంది, పైన చెరిగినా లోపల కాచుకుని ఉంటుంది. మిగతావాళ్లు వేళ్ల మీద విడతలు లెక్కపెట్టేవాళ్లు. నేను విడతకు ఒక కథ చెప్పేవాణ్ని. ఆరు కథలు అయితే ఆరు విడతలు. కోమలి మధ్యాహ్నం క్యారియరు తెచ్చి, మెట్టు మీద కూర్చుని, గడ్డం కింద పిడికిలి పెట్టుకుని ఆరూ వినిగానీ ఇంటికి పోయేది కాదు. ఒకరోజు మాస్టారు కొత్త పెన్సిళ్ల పెట్టె విప్పి, పదును చూడడానికని, ఖాళీగా ఉన్న రాతి మీద దాని ముఖం గీశాడు. పది నిమిషాల పని. అది వచ్చి చూసి, నేనింత నల్లగా ఉండానా అని అలిగింది. ప్రెస్సు ఓనరు తులసీరాం వచ్చి, రాయేమైనా పలకా, నూరి పెట్టు అని నన్ను కసిరాడు. నూరాను. ముఖం పోయింది. తర్వాత ఆరు కథలు మొదలుపెట్టాను. నాలుగోది బాగా కుదిరింది. అది నవ్వి నవ్వి మెట్టు మీద దొర్లుతుంటే సాగదీశాను. ఆ కథ ముగిసేసరికి గంట కొట్టారు. రాయి కడిగి అరలో పెట్టేశాను.

రెండు రోజులకు మాస్టారు అదే రాతి మీద తొమ్మిదో బొమ్మ వేశాడు. కాగితం తీస్తే ఆకాశంలో నా కూతురు. మూడు కాగితాలు దిగాక గమనించి ఆపారు. తులసీరాం తిట్టాడు, మాస్టారు నవ్వి ఇంకో రాతి మీద మళ్లీ గీశాడు. చెడిన కాగితాలు చింపెయ్యమన్నారు. రెండింటిని నా చేత్తోనే చింపి రోలరు తుడిచాను. ఎదురుగా బిడ్డ నిలబడి గోలీ సోడా తాగుతుంటే కాగితం మీది బిడ్డ ఎవరికి కావాలి? నలభై రోజులకు అది పోయింది. పదకొండో రోజు కర్మ అయ్యాక నేను ప్రెస్సు వెనక చెత్తకుప్ప తవ్వాను. వానకు అంతా గుజ్జు గుజ్జుగా ఉంది. మూడో కాగితం మాస్టారు తన దగ్గరే ఉంచుకున్నాడని నాకు తెలియదు.

"తాతా," అని మహిత నా పక్కకు వచ్చింది. "మిగతా పదకొండింటి మీదా సంతకం ఉంది, దీని మీద లేదు. ఈ ముఖం మురుగేష్ గీసిందేనా? ఎవరిదో మీకు తెలుసా?"

తెలిస్తే ఏమవుతుందని అడిగాను. ఆమె నిదానంగా విడమరిచి చెప్పింది. ప్రెస్సువాళ్ల పొరపాటుతో ఏదో పాత లేబులు బొమ్మ తేలి ఉంటే అది చెడిన కాగితం, పక్కన పెట్టేస్తుంది. చెన్నైలో ఒకరి దగ్గర మంచి తొమ్మిదో బొమ్మ ఉంది, దాన్ని తెచ్చి కలిపితే పన్నెండూ నిండుతాయి. మురుగేష్ ఎవరినైనా ఎదురుగా పెట్టుకుని గీసిన ముఖమే అయితే మాత్రం, మిగతా పదకొండూ ఒక ఎత్తు, ఇదొక్కటే ఒక ఎత్తు. ఆయన ముఖం గీసింది ఇంకెక్కడా లేదు.

"చెడిన కాగితమే అయితే ఢిల్లీకెందుకు?" అన్నాడు బాలచంద్ర. "పెద్దాయన కష్టపడిన చోటు. ఆయన్నే తీసుకుపోనీ, గుర్తుగా ఉంటుంది."

ఆయన ఆ మాట తేలిగ్గా అనేశాడు.  గుర్తు తెచ్చుకోవాలి, వయసు మీద పడింది, వచ్చే గురువారం దాకా గడువివ్వమని అడిగి బయటపడ్డాను. ఆలోచించాల్సిందేమీ లేదు. నిజం చెబితే కోమలి ఢిల్లీ పోతుంది. ఎవరూ కాదని చెబితే మా ఇంటికి వస్తుంది.

ఆ సాయంత్రం రంగనాయకమ్మ పెరట్లో ఈత చాప మీద మామిడి తాండ్ర పోస్తూ ఉంది. కింది పొర ఆరిందో లేదో వేలితో తాకి చూసి, మీద కొత్త పొర పరుస్తూ ఉంది. పక్కన కూర్చుని అంతా చెప్పాను. జడలు, పిడికిలి, మచ్చ. ఆమె చేయి ఆగలేదు. చాప చివరి దాకా రసం పరిచి, చేయి కడుక్కుంది.

"ఎండ పక్కకి పోతాంది," అంది. "సాప జరుపు."

ఆ వారం మా ఇంట్లో ఎక్కడ తడి ఉంటే అక్కడ కోమలి కనపడింది. స్నానాలరాయి మీద నీళ్లు ఆరుతున్నప్పుడు. కొళాయి కింద గచ్చు మీద. ముందు గదిలో సిమెంటు నేల తుడిచాక, తడి ఒక్కో చోట ఒక్కో వేగంతో ఆరుతూ, ముందు గడ్డం, తర్వాత జడ. నేను చీపురు పట్టుకుని అది పూర్తిగా ఆరిపోయేదాకా నిలబడేవాణ్ని. నా కథలను నేనే నమ్మే వయసు వచ్చిందేమో అనుకున్నాను. బుధవారం పొద్దున రంగనాయకమ్మ నేల తుడిచి, బకెట్టు ఎత్తుకుని వంటింట్లోకి పోతూ, ఆ తడి దగ్గర ఆగింది. దాన్ని తొక్కలేదు. గోడ వారగా చుట్టూ తిరిగి పోయింది. 

గురువారం నేను చొక్కా తొడుక్కుని బయటికి వచ్చేసరికి ఆమె టెంపో ముందు సీట్లో కూర్చుని ఉంది, నగరి నేత చీర కట్టుకుని.

"నువ్వు యాడికిమా?" అన్నాడు మునికుమార్.

"పోనీరా," అంది.

బాలచంద్ర ఇంట్లో ఆమె గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంది. బల్ల వైపు చూడలేదు. బాలచంద్ర నాకు ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. వరసలో లారీ డ్రైవర్లంతా నా కథలు చెప్పుకుని నవ్వుతుంటారని మేనేజరు చెప్పాడట, ఇవాళ తనకూ ఒక మంచి కథ కావాలన్నాడు. మునికుమార్ గోడకు ఆనుకుని నన్నే చూస్తున్నాడు. మహిత పుస్తకం తెరిచింది.

నా నాలుక చివర ఉన్నది నేను జీవితమంతా దాచుకున్న కథ. అందులో కాకులు లేవు, గూడ్సు బండి లేదు. ఒక్క ముక్క కల్పించనక్కర్లేదు. దాన్ని మింగేశాను.

"ఎవురూ కాదు అమ్మణ్ణీ. ఊదుబత్తి లేబులు బొమ్మ. రాయి సరిగా నూరలేదు, నా తప్పే. సెడిపోయిన కాగితం."

బాలచంద్ర ముఖం వాడిపోయింది. ఇంతేనా అన్నాడు. మహిత రాయలేదు. భూతద్దం పెట్టుకుని తొమ్మిదో బొమ్మ మీదికి వంగి చాలాసేపు చూసింది.

"లేబులు బొమ్మలు కలంతో, సిరాతో గీసేవాళ్లు కదా తాతా?" అంది తల ఎత్తకుండా. "ఇది పెన్సిలు గీత. మెత్తటి పెన్సిలు. పైగా ఈ పిల్ల లేబులు మీద పిల్లలా నవ్వడం లేదు. ఏదో వింటూ ఉంది."

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. అన్ని అబద్ధాలు ఆడిన నోటికి చిన్న అబద్ధం ఒక్కటి దొరకలేదు.

కుర్చీ కదిలిన చప్పుడైంది. రంగనాయకమ్మ లేచి వచ్చి బల్ల దగ్గర నిలబడింది. చీర కొంగుతో కళ్లు తుడుచుకుని, అద్దాలు పెట్టుకుని, వంగింది. నేరుగా చూసి, తర్వాత తల పక్కకు వాల్చి చూసింది.

"కోమలి," అంది.

 ఆమె వేలు కాగితానికి తాకకుండా, పైన గాలిలో, ఆ మచ్చ దగ్గర ఆగింది.

"మచ్చ ఎడమ పక్క ఉండేది దానికి. ఇది తిప్పి పడింది." ఆమె మాట్లాడుతున్నది మహితతో. "జడేసేటప్పుడు దాని ముందర అద్దం పెడతాను గదా. నాకు ఇట్టనే కనపడేది. ఈయన ఎదురుగా సూసినాడు, నేను అద్దంలో సూసినాను. ఇది అద్దంలో బిడ్డే."

మునికుమార్ గోడ వదిలి వచ్చాడు. వాళ్లమ్మ పక్కన నిలబడి, ఆమె లాగే తల పక్కకు వాల్చాడు. వాడి ముఖం నేను చూడలేకపోయాను.

మహిత అడిగినవాటికి అన్నిటికీ ఆమే జవాబు చెప్పింది. ఏ నెల, ఎప్పుడు క్యారియరు పంపేది, బిడ్డ ఎందుకు అంతసేపు అక్కడే కూర్చునేది. నేను చెప్పినప్పుడు వినలేదనుకున్న ప్రెస్సు సంగతులన్నీ ఆమెకు తెలుసు. ఆరు విడతల నియమం కూడా. మహిత రాసింది చదివి వినిపించింది. తొమ్మిదో బొమ్మ, రాతిలో మిగిలిన ముఖంతో. మురుగేష్ ప్రెస్సులో ఎదురుగా చూసి గీసినది. కోమలి, మునెయ్య, రంగనాయకమ్మల కూతురు, వయసు ఎనిమిది.

"ఎనిమిదిన్నర," అంది రంగనాయకమ్మ. మహిత దిద్దింది.

బాలచంద్ర మంచి మనిషి. మీకిస్తానన్న మాట ఉంది, ఢిల్లీకి పదకొండే పంపుతాను, దీన్ని మీరు తీసుకుపోండి అన్నాడు. ఆ మాటతో నా చేతులు ముందుకు సాగాయి. రంగనాయకమ్మ మాత్రం మహితను అడిగింది, ఇది మా ఇంట్లో ఉంటే ఎన్నాళ్లుంటుందని.

మహిత అబద్ధం చెప్పలేదు. చెమ్మ తగిలితే బూజు పడుతుంది. గోడకు తగిలిస్తే వెలుతురుకు కాగితం పసుపెక్కి, అన్నిటికన్నా ముందు ఆ పలచని బూడిద రంగే కలిసిపోతుంది. పది పదిహేనేళ్లు, అంతే. మ్యూజియంలో చల్లని గదిలో, మూత వేసిన పెట్టెలో, చీకట్లో ఉంచుతారు. రెండు వందల ఏళ్లయినా చెక్కు చెదరదు.

"సీకట్లోనా?" అంది రంగనాయకమ్మ.

"అవునమ్మా. వెలుతురు తగలకూడదు."

"దానికి సీకటంటే బయ్యం."

 రంగనాయకమ్మ బల్ల వెంట ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. మొదటిసారి మిగతా బొమ్మలన్నీ చూసింది. ముక్కు లేని రాణి, నది, పడవ, మళ్లీ రాణి. మళ్లీ తొమ్మిదో దాని దగ్గరికి వచ్చింది.

"ఇవన్నీ ఒకే పెట్లోనే పెడతారా?"

"ఒకే పెట్టెలో. ఒకదాని మీద ఒకటి."

"అట్లయితే సరే. తోడుంటారు."

మునికుమార్ సెల్లులో బొమ్మను తీశాడు. అందులో బూడిద రంగు తప్ప ఏమీ పడలేదు. ఢిల్లీవాళ్ల అనుమతి వచ్చాక పెద్ద కెమెరాతో నకలు తీయించి పంపుతానని మహిత మాట ఇచ్చింది. అనుమతి ఇంకా రాలేదు.

తిరుగు దారిలో లారీల వరస పక్కగా టెంపో మెల్లగా పోతుంటే ఆమె నాతో అంది.

"ఎవురూ కాదు అంటివే."

"ఇంటికి తెచ్చుకుందామని అన్యా."

"ఎవురూ కాదని చెప్పి తెచ్చుకుంటే, ఇంట్లో ఎవుర్ని పెట్టుకుందామనుకుంటివి?"

  మునికుమార్ హారన్ కొట్టాల్సిన చోట కూడా కొట్టకుండా నడిపాడు.

ఆ రోజు నుంచి ఆమె కోమలి గురించి మాట్లాడుతుంది. వంట చేస్తూ, తాండ్ర కోస్తూ, ఒక్కో ముక్క. నేను కాకుల కథ ఎత్తితే, కాకులు కాదు, రెండే పావురాళ్లు, అవీ పక్కింటివి అని దిద్దుతుంది. బిడ్డ నాకు చెప్పకుండా వాళ్లమ్మకు మాత్రమే చెప్పిన సంగతులు ఎన్నో ఉన్నాయి. అవి నిజమో కాదో తేల్చుకునే దారి నాకు లేదు. నోరు తెరుచుకుని వింటాను.

ఇంకొక మార్పు కూడా వచ్చింది. పొద్దు వాలగానే ముందు గదిలో బల్బు వేస్తుంది, తెల్లారేదాకా ఆర్పనివ్వదు. కరెంటు బిల్లు చూసి ఇంటిల్లిపాదినీ సాధించే మునికుమార్ ఆ బల్బు గురించి ఒక్కమాట అనలేదు.

జూలై చివర్లో, మామిడి కాలం అయిపోయి ఆడి నెల గాలులు మొదలైనాక, ఒక సాయంత్రం నగరి వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి ఉరుముల వాన పట్టుకుంది. కరెంటు పోయింది. రంగనాయకమ్మ వంటింట్లో అగ్గిపెట్టె కోసం తడుముతూ ఉంది, నేను తిన్నె మీద నుంచి మెల్లగా లేస్తున్నాను. అంతలో మునికుమార్ టెంపో ఆపి, నిలువునా తడిసి, పరుగున లోపలికి వచ్చాడు. తల తుడుచుకోలేదు. అమ్మా అని పిలవలేదు. నీళ్లు కారుతున్న చేత్తోనే జేబులోంచి సెల్లు తీసి, టార్చి వేసి, ముందు గదిలో కిటికీ గట్టు మీద, వెలుతురు గదిలోకి పడేటట్టు నిలబెట్టాడు. జారిపోతుంటే పక్కన చెప్పు పెట్టబోయి, ఆగి, చెప్పు పడేసి, తన తువ్వాలు మడిచి ఆనించాడు.

రంగనాయకమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

"బ్యాటరీ అయిపోతాదేమోరా."

"అయిపోనీలేమా," అన్నాడు వాడు, చొక్కా పిండుకుంటూ. "కరెంటు వచ్చేదాకన్నా ఉండనీ అక్కకి."